పదిహేను వేలు చేతిలో ఉంటే ముందు డోర్ స్పీకర్లా, సబ్‌వూఫరా?

కావలి రోజువారీ:
అన్నలకూ అక్కలకూ నమస్తే. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి తీసుకున్నా. ఉద్యోగం నెల్లూరులో, ఇల్లు కావలిలో. పోనూ రానూ రోజూ నూరు కిలోమీటర్ల పైనే. ఆ రెండు గంటలూ పాటలే తోడు. ముందు ఓనరు పెట్టించిన టచ్ స్క్రీన్ స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు ఉండాయి. ముందువి ఆరున్నర అంగుళాలవి, అవి కూడా ఆయన మార్పించినవే. సౌండ్ వస్తది గానీ డప్పు దెబ్బ అనేదే తెలియదు. బాలు గారి గొంతు యాడో బావిలోంచి వచ్చినట్టుంటది. వాల్యూమ్ పెంచితే డోర్ ప్లాస్టిక్ అదురుతుంది. దాచుకున్నది పదిహేను వేలు. నెల్లూరులో ఒక షాపులో "సబ్‌వూఫర్ (లోతు స్వరాల కోసమే ఉండే స్పీకరు) పెట్టించు, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. ఇంకో షాపులో "ముందు డోర్లు సరిచేయి, సబ్ తర్వాత చూద్దాం" అన్నారు. ఎవరి మాట వినాలి?

చీమకుర్తి బేస్:
తమ్ముడూ, సబ్‌వూఫరే. నేను ఒకటికి రెండు సార్లు డోర్ స్పీకర్లు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి. ఆరున్నర అంగుళాల స్పీకరు ఎంత మంచిదైనా 60 హెర్ట్జ్ కిందికి, అంటే బాగా లోతు స్వరాలకి, పోయేసరికి చేతులెత్తేస్తుంది. పైగా నువ్వు తిరిగేది 16వ నంబరు జాతీయ రహదారి. టైర్ల రొద, గాలి రొద అంతా కింది స్థాయి శబ్దమే. అది నీ పాటలోని కింది స్వరాలను మింగేస్తుంది. ఇంటి ముందు ఆపిన బండిలో వినిపించిన డోలు, 90 స్పీడులో ఎందుకు వినిపించదో ఎప్పుడైనా ఆలోచించావా? దానికి మందు సబ్ ఒక్కటే. సీటు కింద పట్టే యాక్టివ్ సబ్ తీసుకో, యాంప్లిఫయర్ అందులోనే ఉంటుంది. డిక్కీ ఖాళీగానే ఉంటుంది. నేను పెట్టించినప్పుడు వైరింగుతో కలిపి పన్నెండు వేలు అయింది. మిగతా మూడు వేలు దాచుకో.

ఒంగోలు వైరింగు:
నేను ఈ పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను. షాపు లేదు, అమ్మేది ఏమీ లేదు, పిలిచిన చోటికి పోయి చేస్తా. చీమకుర్తి అన్న రోడ్డు రొద గురించి చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ రెండు సార్లు స్పీకర్లు మార్చినా తేడా రాలేదన్నారే, అక్కడే నాకు అనుమానం వచ్చింది. మార్చింది స్పీకరునే గానీ డోరును కాదు.

స్పీకరు శంకువు ముందుకు కొట్టినప్పుడు వెనక వైపు కూడా అంతే గాలి కదులుతుంది, కాకపోతే తిరగబడి. ఆ వెనక గాలి ముందుకొచ్చి కలిస్తే కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకే ఇంట్లో స్పీకరుకి చెక్క పెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె డోరే. ప్లాస్టిక్ ట్రిమ్ ఊడదీసి చూడండి, లోపలి రేకుకు చెయ్యి పట్టేంత పెద్ద రంధ్రాలు ఉంటాయి. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం తప్ప ఏమీ ఉండదు. ఆ రంధ్రాలు మూసి, బయటి రేకు లోపలి వైపు డ్యాంపింగ్ షీటు (అదురును ఆపే పట్టీ) అతికిస్తే, ఉన్న స్పీకరే వేరే స్పీకరులా పలుకుతుంది. ఇది నేను చేతులతో చేసి చెవులతో విన్న మాట.

షీటు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. తారు షీటు చవగ్గా దొరుకుతుంది, తీసుకోవద్దు. మన రోహిణి కార్తె ఎండకి డోరు రేకు కాలిపోతుంటే అది మెత్తబడి జారుతుంది, కారంతా తారు వాసన. బ్యుటైల్ రబ్బరు మీద అల్యూమినియం రేకు ఉన్నదే కావాలి. ఇంకొకటి, వాన నీళ్ళు అద్దం పక్క నుంచి డోరులోకి దిగి అడుగున ఉన్న చిల్లుల్లోంచి బయటికి పోతాయి. ఆ చిల్లులు మాత్రం మూయొద్దు. మూస్తే రెండేళ్ళలో తుప్పే. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఇంకా తొందరగా.

వాట్ల సంగతి కూడా. స్టీరియో డబ్బా మీద "50 ఇంటూ 4" అని చూసి మురిసిపోవద్దు. అది క్షణకాలపు లెక్క. నిలకడగా ఇచ్చేది, అంటే ఆర్‌ఎంఎస్, ఒక్కో స్పీకరుకి ఇరవై వాట్ల దరిదాపుల్లో. అందుకని యాంప్లిఫయర్ కొననివాళ్ళు 300 వాట్ల స్పీకరు కోసం వెతకడం దండగ, సెన్సిటివిటీ, అంటే అవే వాట్లకి ఎంత గట్టిగా పలుకుతుందో చూడాలి. 87 డెసిబెళ్ళ స్పీకరుకి నలభై వాట్లు ఇస్తే వచ్చే శబ్దం 90 డెసిబెళ్ళదానికి ఇరవై వాట్లకే వస్తుంది.

సింగరాయకొండ డ్రైవరన్న:
ఏదన్నా పెట్టించుకోండి గానీ వైరింగు కాడ పైసలు మిగుల్చుకోబాకండి. నేను ట్రావెల్స్ బండి తోలతా. నాలుగేళ్ళ కింద ఒక షాపులో చిన్న సబ్ పెట్టించా. వాడు బ్యాటరీ నుంచి లాగిన వైరుకి ఫ్యూజు వెయ్యలే. రేకు అంచు తగిలి వైరు పైతొక్క కోసుకుపోయింది. తిరుపతి పోతా ఉంటే కాలిన వాసన. బండిలో ఒక ముసలాయన, ఇద్దరు పిల్లకాయలు. ఆపి బ్యాటరీ టెర్మినల్ పీకేసినా కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తది. 150 వాట్ల సబ్బంటే పన్నెండు వోల్టుల మీద పన్నెండు ఆంపియర్ల పైమాట. స్టీరియో వైరులో నుంచి లాగే పని కాదు. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపల ఫ్యూజు ఉండాల. వైరు అచ్చంగా రాగిదేనా, అల్యూమినియం మీద రాగి పూత వేసిందా అని అడగాల. పూత వైరైతే ఇంకో సైజు లావుది వేసుకోవాల.

ఇంకోటి చెప్తా. రాత్రి పూట గ్రానైట్ లారీ ఎనక నుంచి హారన్ కొడితే వినపడాల. అంత వాల్యూమ్ చాలు.

చీమకుర్తి బేస్:
వైరింగు గారూ, డోరు సంగతి ఒప్పుకుంటున్నా. నాకు స్పీకర్లు బిగించినవాళ్ళు షీటు అనే మాటే ఎత్తలేదు. అయినా నా వాదన నేను వదలను. మీరు డోరుకి ఎన్ని షీట్లు అతికించినా ఆ సైజు స్పీకరు సబ్ అవదు. పైగా సబ్ ఉంటే డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద కోత పెట్టుకోవచ్చు. బరువు దిగిపోయి అవి కూడా తేటగా పలుకుతాయి. అదురు కూడా తగ్గుతుంది. అంటే సబ్ ఒక్కటి కొంటే రెండు పనులు జరుగుతాయి.

బుచ్చిరెడ్డిపాళెం టీచరు:
అబ్బాయ్ అడిగిన ప్రశ్నలో బాలు గారి గొంతు బావిలోంచి వస్తోందని ఉంది. అందరూ డప్పు దగ్గరే ఆగిపోయారు. హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కొడుకు ఆయన. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో మనకి లేకుండా పోయారు. ఆ గొంతులో ఊపిరి తీసుకోవడం, నవ్వుని పాటలో కలపడం, అక్షరం చివర విరుపు, ఇవన్నీ 80 హెర్ట్జ్ కింద ఉండవు బాబూ. మాట స్పష్టత అంతా వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. నా కారులో ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) విడిగా ఉండే కాంపొనెంట్ సెట్టు పెట్టించాం, ట్వీటర్లు అద్దాల మూల దగ్గర. అంతకు ముందు పాట మోకాళ్ళ దగ్గర నుంచి వచ్చేది, ఇప్పుడు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది. సబ్ పెట్టుకున్న మా మరిది కారులో నేను పల్లవి తర్వాత మాటలు పట్టుకోలేకపోయాను.

ఖర్చు లేని పని ఒకటి: మీరు వినే ఫైళ్ళు ఎలాంటివి? ఎవరో పెన్ డ్రైవులో ఎక్కించి ఇచ్చిన పాత 64 కేబీపీఎస్, అంటే బాగా కుదించేసిన ఎంపీ3లైతే ఎంత పెట్టినా వృథా. అదే పాట 320లో పెట్టి విని చూడండి.

ఒంగోలు వైరింగు:
టీచరు గారు మంచి మాట అన్నారు. గొంతు బావిలోంచి రావడం, డప్పు అసలే లేకపోవడం, రెండూ కలిసి ఉన్నాయంటే నాకు ఇంకో అనుమానం. కావలి తమ్ముడూ, రూపాయి తీసే ముందు ఒక పని చెయ్యి. బండి ఆపి, డోలు బాగా ఉన్న పాట పెట్టి, సౌండ్ ముందు స్పీకర్లకే మళ్ళించు. తర్వాత బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పు. ఒక్క స్పీకరు మీదికి వచ్చేసరికి డోలు తగ్గాల్సింది పోయి పెరిగిందనుకో, రెండింట్లో ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తారుమారు అయ్యాయని అర్థం. ఏదో తేల్చడానికి స్పీకరు వైర్లకి గోడ గడియారం సెల్లు ఒక్క క్షణం తాకించు. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకి తగిలితే శంకువు బయటికి రావాలి.

కావలి రోజువారీ:
ఆదివారం మా బాబాయి కొడుకూ నేనూ వేపచెట్టు కింద బండి పెట్టుకుని కూర్చున్నాం. బ్యాలెన్స్ ఎడమకి తిప్పాం. డోలు పెరిగింది! ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ట్రిమ్ ఊడదీస్తే కుడి డోరులో వైర్లు తారుమారు. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట రెండే ఉండాయి, ప్లాస్టిక్ కాగితం చిరిగి వేలాడతా ఉంది. సెల్లుతో చూసి వైర్లు మార్చాం. స్క్రూలకీ, వెనక అంటించే ఫోము టేపుకీ అయింది 240 రూపాయలు. అమ్మని పిలిచి కూర్చోబెట్టి పాట పెట్టాం. "ఇదే బండా?" అంది. నిరుటి నుంచి రోజూ వింటున్న పాటలో తబలా ఉందని నాకు ఆ పొద్దు తెలిసింది.

ఇక డబ్బు సంగతి. ముందు రెండు డోర్లకీ బ్యుటైల్ షీటు వేయించాలనుకుంటున్నా, టీచరు గారు చెప్పినట్టు కాంపొనెంట్ సెట్టు కూడా. రెండూ కలిపి ఎనిమిది తొమ్మిది వేలల్లో అయ్యేట్టుంది. చీమకుర్తి అన్నా, ఒకటి మాత్రం నిజం చెప్పాలి. సోమవారం పొద్దున ఇంటి కాడ వినపడ్డ తబలా, బిట్రగుంట దాటి స్పీడు అందుకున్నాక సగానికి పైగా మాయమైంది. పెన్నా బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నిలబడితే మళ్ళీ వచ్చింది. మీ మాట అక్కడ నిలబడింది.

చీమకుర్తి బేస్:
అందుకే చెప్పింది తమ్ముడూ. షీటు వేయించు, వద్దనను. సెట్టు మాత్రం ఆపు. ఆ డబ్బు సబ్బుకి కలుపు.

బుచ్చిరెడ్డిపాళెం టీచరు:
వద్దు బాబూ, సెట్టు తీసుకో. రొదలో డోలు పోతే పోయింది, మాట పోతే పాటే పోయినట్టు.

కావలి రోజువారీ:
షీటు పని ఈ వారమే చేయిస్తా, దానికి ఎవరూ అడ్డం చెప్పలేదు కాబట్టి. సెట్టు కొనే ముందు వచ్చే ఆదివారం ఒంగోలు దాకా వస్తా. చీమకుర్తి అన్న బండిలో హైవే మీద ఒక పాట వింటా. వచ్చేటప్పుడు అదే పాట 320లో తెస్తా.