బ్యాటరీ దిగిపోతుంటే ముందు బ్యాటరీ మార్చాలా, కరెంట్ ఎక్కడ పోతోందో చూడాలా?

కావలి వాసి:
అందరికీ నమస్కారం. మాది చిన్న పెట్రోల్ కారు, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, వేసి మూడేళ్లు దాటింది. రోజూ తిప్పినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. శుక్రవారం సాయంత్రం ఆపి సోమవారం పొద్దున తాళం తిప్పితే మాత్రం టిక్ టిక్ మంటుందే తప్ప సెల్ఫ్ తీసుకోదు. బ్యాటరీ షాపులో పాతది ఇచ్చేసి కొత్తది వేసుకోమన్నారు. మా బావ ముందు వైరింగ్ చూపించమంటున్నాడు. ఏది ముందు?

నెల్లూరు ట్యాక్సీ:
మార్చేయండి అన్నా. మన ఎండలకి మూడేళ్లు వచ్చిందంటే అది తన పని తాను చేసినట్టే. బ్యాటరీకి చలి కంటే వేడే ఎక్కువ చేటు. లోపల నీళ్లు ఆవిరవుతాయి, ప్లేట్లు తొందరగా అరిగిపోతాయి. తెల్లవారుజామున చెన్నై ఎయిర్‌పోర్టుకి పార్టీ బ్యాగులతో నిలబడి ఉంటే కరెంట్ కొలిచే మీటర్ పట్టుకుని కూర్చోలేం కదా.

ఒంగోలు వైర్‌మ్యాన్:
ట్యాక్సీ అన్న కష్టం నిజమే. కానీ కావలి అన్నా, మీరు చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. రోజూ నడిపితే బాగుంటోంది, రెండు రోజులు ఆపితే దిగిపోతోంది. అంటే ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంట్ లాగుతోందేమోనని ముందు అనుమానించాలి. కారు ఆపాక కాసేపటికి లోపలి యూనిట్లన్నీ నిద్రపోతాయి, అప్పుడు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే లాగాలి. అదే అర ఆంపియర్ పైన పోతుంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. ఆ లీకు అలాగే ఉంచి కొత్త బ్యాటరీ వేస్తే దానికీ ఇదే గతి.

ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయించి, కొన్ని గంటలు ఊరికే వదిలి వోల్టేజ్ చూడండి. 12.6 దగ్గర నిలిస్తే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు. 12.0కి వచ్చిందంటే దాదాపు అడుగంటినట్టే. ఇంజన్ ఆన్‌లో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో ఛార్జింగ్ ఇస్తున్నట్టు. కొన్ని కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి కాసేపు తక్కువ చూపించినా వెంటనే డైనమో విప్పించకండి.

తర్వాత లీకు. బానెట్ తెరిచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. తలుపులు లాక్ చేసి, తాళం దూరంగా పెట్టి ముప్పావుగంట ఆగండి. చాలామంది ఈ ఆగడం దగ్గరే తొందరపడి ఎక్కువ రీడింగ్ చూసి భయపడతారు. అప్పుడు మీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫ్యూజులు పీకకుండానే, ఒక్కో ఫ్యూజ్ తల మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద మీటర్ ముళ్లు ఆనించండి. సున్నా అంటే ఆ లైన్లో కరెంట్ లేదు. ఏమైనా చూపిస్తే ఆ లైన్లో పారుతోంది. ఫ్యూజ్ పీకి చూస్తే నిద్రపోయిన యూనిట్ మళ్లీ లేస్తుంది, దొంగ దొరకడు.

ఆంపియర్లు నేరుగా కొలవాలంటే మైనస్ వైర్ విప్పి మధ్యలో మీటర్ పెట్టాలి. అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

కొత్తపట్నం:
సముద్రం పక్కన ఉండేవాళ్ల కోసం ఒక మాట. మా దగ్గర ఉప్పుగాలికి ఎర్త్ వైర్ (బ్యాటరీ మైనస్ నుంచి వచ్చేది) బాడీకి బిగించిన నట్టు కింద తెల్లగా, పచ్చగా పొక్కు పడుతుంది. బ్యాటరీ బాగున్నా అదే టిక్ టిక్. ఒక ముల్లు ఇంజన్ లోహం మీద, ఇంకొకటి బ్యాటరీ మైనస్ దిమ్మ మీద పెట్టి ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ విప్పి గీకి బిగించాల్సిందే. దిమ్మ మీదే పెట్టాలి, క్లాంప్ మీద పెడితే ఆ రెండింటి మధ్య లోపం కనపడదు.

నెల్లూరు ట్యాక్సీ:
ఇంత ఓపికగా చూసే ఎలక్ట్రీషియన్ దొరకాలి కదా అన్నా. మా వాడొకడు లైట్ల పనికని ఒక షాపుకి వెళ్తే లోపలి వైర్లు కోసి, టేపు చుట్టి పంపారు. అక్కడి నుంచి వాడికి రోజుకో కొత్త సమస్య. దానికన్నా బ్యాటరీ మార్చుకోవడమే నయం.

ఒంగోలు వైర్‌మ్యాన్:
అలా కోసేవాళ్ల మీద నాకూ కోపమే. ఫ్యాక్టరీ వైర్ కోసి చుట్టిన టేపు ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది, లోపల రాగి నల్లబడుతుంది. కప్లర్‌తో (వైర్ కోయకుండా గుచ్చే ప్లగ్) పెట్టగలిగే చోట కోయనివ్వకండి. కానీ పనితనం లేని మనిషి దొరికాడని పరీక్షే వద్దంటే ఎలా? కావలి అన్నా, కొన్నాక బయట ఏమైనా పెట్టించారా?

కావలి వాసి:
స్టీరియో, కెమెరా పెట్టించాను. మీరు చెప్పినట్టే మా బావతో కలిసి ఎర్త్ చూశాం, బాగానే ఉంది. తర్వాత ముప్పావుగంట ఆగి ఫ్యూజులు చూస్తే స్టీరియో లైన్లోనే మిల్లీవోల్టులు వచ్చాయి. మైనస్ దగ్గర మీటర్ పెడితే 0.6 ఆంపియర్లు. స్టీరియో కప్లర్ తీసి మళ్లీ ఆగితే 0.03కి దిగింది. తాళం ఆఫ్ చేసి బయటికి తీస్తే కరెంట్ ఆగాల్సిన వైర్‌ను నేరుగా బ్యాటరీ లైన్‌కి కలిపారు. మార్పించాను. కానీ పూర్తిగా ఛార్జ్ చేసినా సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.1కి పడుతోంది.

నెల్లూరు ట్యాక్సీ:
చూశారా, బ్యాటరీ కూడా పోయింది. నేను చెప్పింది అదే.

ఒంగోలు వైర్‌మ్యాన్:
పోయింది, ఒప్పుకుంటా. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. కానీ వారం వారం పూర్తిగా ఖాళీ అయితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, మంచి బ్యాటరీ కూడా చచ్చిపోతుంది. ఆ స్టీరియో వైరే దీన్ని ఇంకా తొందరగా చంపి ఉంటుంది. కావలి అన్నా, ఇప్పుడు నిశ్చింతగా కొత్తది వేసుకోండి. వేశాక ఒక రాత్రి ఆపి 0.03 అలాగే ఉందో లేదో మళ్లీ చూసి ఇక్కడ రాయండి.