గుడి గోడ పగులు: ముహూర్తం లోపు పూడ్చాలా, ఏడాది కొలవాలా?

పాలకొల్లు_కమిటీ: శివాలయం ఉత్తరపు గోడ. పాత ఇటుక, గానుగ సున్నం. కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు, 3 మి.మీ. దాకా ఉంది. వైశాఖంలో కుంభాభిషేకం. ఈలోపు సిమెంటు గ్రౌటింగు చేసి (పగుల్లోకి సిమెంటు పాలు ఎక్కించి) ఎనామెల్ రంగు వేసేద్దామంటున్నారు. చేయొచ్చాండీ?

నల్లరేగడి: వద్దండి. వైశాఖమంటే కాలువలు కట్టేసే రోజులు. కింద రేగడి ఎండి ముడుచుకుంటుంది, పగులు బాగా నోరు తెరిచేది అప్పుడే. అప్పుడు సిమెంటు ఎక్కిస్తే, కాలువ వదిలి నేల ఉబ్బాక అది మూసుకోడానికి చోటుండదు. సిమెంటు నలగదు, పక్కనున్న పాత ఇటుక నలుగుతుంది. జానెడు దూరంలో కొత్త పగులు. ఒక వేసవి, ఒక వానాకాలం కొలిచాకే పూడ్చండి.

సైట్_ఇంజినీర్: ఏడాది ఆగమనడం తేలికే. తుపానొచ్చి పగుల్లోకి నీరు దిగితే లోపలి సున్నం కొట్టుకుపోదా? పగులుకి అడ్డంగా గాజుముక్క అంటించండి, నెలలో పగలకపోతే పూడ్చెయ్యండి.

నల్లరేగడి: నీటి మాట నిజమే. పైపైన సున్నం, ఇసుక పలచగా మెత్తితే చాలు. కదిలితే అదే ముందు విరగాలి. గాజుని మాత్రం నమ్మను. ఎంత కదిలిందో, ఎటు కదిలిందో చెప్పదు, జిగురు చెమ్మకి జారితే అసలేమీ చెప్పదు. పైగా ఆ నెల ఏ కాలమన్నది ఎవరూ అడగరు! పగులుకి ఒక పక్క ఒకదాని కింద ఒకటి రెండు స్టీలు బిళ్లలు, అవతల మధ్యలో ఒకటి, 100 మి.మీ. ఎడంలో అంటించండి. అవతలి బిళ్ల నుంచి ఈ రెండింటికీ ఉన్న దూరాలు వారానికోసారి, ఎండ తగలకముందే, 0.02 మి.మీ. పట్టే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. పక్క గడిలో వాన, బావి నీటిమట్టం రాయండి. రెండు కొలతలూ పెరిగితే పగులు విచ్చుతోంది. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే గోడ ముక్క జారుతోంది.

సైట్_ఇంజినీర్: గోడ బయటికి ఒరిగితే?

నల్లరేగడి: తూకం గుండు వేసి చూడండి. ఒరుగు పెరుగుతుంటే ఆగొద్దు, ముందు సరుగుడు దుంగలతో పోటు పెట్టాలి. అక్కడ మీతో పేచీ లేదు.

సున్నం_గానుగ: ఇద్దరూ పగులునే చూస్తున్నారు. ఉత్తరపు గోడ కదండీ, తూర్పుముఖం గుడైతే సోమసూత్రం, అంటే అభిషేకం నీళ్లు బయటికి పోయే తూము, అటే. అభిషేకం నీళ్లు ఎటు పోతున్నాయి? పది బిందెల పసుపునీళ్లు పోయండి. కాలువ చివర ఆరే వస్తే మిగతా నాలుగూ పునాదిలోకే. ఆ మూల రేగడి ఏడాదంతా ఉబ్బి ఉంటుంది, మిగతాది ఎండుతుంది. గోడ చీలక ఏం చేస్తుంది? గోడనానుకుని గ్రానైట్ పరిచి ఉంటే కింది చెమ్మ బయటికి పోలేక గోడెక్కుతుంది. మోకాలెత్తున ఉప్పు పూస్తోందా చూడండి. పూస్తే ఆ వారన రెండడుగుల మేర గ్రానైట్ లేపి, నాపరాళ్లు సున్నంతో, బయటికి వాలుగా పరవండి. ఎనామెల్ వేస్తే చెమ్మ లోపలే ఉండి, పెచ్చులతో సహా ఊడుతుంది.

పాలకొల్లు_కమిటీ: గ్రానైట్ ఉందండి, ఉప్పూ ఉంది. పగులు దగ్గరే శాసనం రాయి ఉంది, బిళ్ల దానిమీద పెట్టొచ్చా?

నల్లరేగడి: శాసనానికి, శిల్పానికి జిగురు తగలకూడదు, ఇటుక మీదే పెట్టండి. ద్రాక్షారామం, సామర్లకోటల్లా కేంద్ర రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఇదీ చెయ్యొద్దు.

సున్నం_గానుగ: ముహూర్తానికి సున్నం వెల్ల చాలు. వెల్లవేసేవాళ్లు బిళ్లల మీద కూడా కుంచె తిప్పేస్తారు, ముందే టేపు అంటించండి.