సమస్య: తీగ తెగినంత మ్రోగెను తీయగాను

నిర్వాహకుడు:
మొన్న విజయనగరంలో సంగీత కళాశాల గోడవారగా నడుస్తున్నాను. 1919 నాటి కళాశాల అది, హరికథల ఆదిభట్లవారూ వయొలిన్ ద్వారంవారూ తిరిగిన చోటు. లోపల ఎవరో సాధన చేస్తున్నారు. టప్పుమని తీగ తెగింది, వెంటనే పిల్లలు పకపకా నవ్వారు. ఇంటికి చేరేలోగా పై పాదం కుదిరింది. కచేరీలంటూ ఇల్లు విడిచి తిరిగిన ముసలి విద్వాంసుడు చివరికి బిడ్డల గడప తొక్కడం, ఆ పరంగా మిగతా మూడు పాదాలూ పూరించండి.

లంకపొగాకు:
పూరణ తర్వాత. ముందు ఒక సందేహం. ‘మ్రో’ ముందున్న ‘త’ గురువైపోదా?

నిర్వాహకుడు:
విడి పదం, పైగా తెలుగు మాట. లఘువే. నిద్ర పట్టకపోతే ‘మోగెను’ అని రాసుకోండి.

పెన్నేటిగట్టు:
ఏండ్లు ముప్పది విడనాడి, యింటి ముందు
వీణ పట్టిన తండ్రిని వెడలు మనక
కూతు రనె ‘నాన్న’ యని. నాటి కోప మనెడు
తీగ తెగినంత మ్రోగెను తీయగాను.

లంకపొగాకు:
మొదటి రెండు పాదాలు బాగున్నాయి. ‘వెడలు మనక’ మరీ బాగుంది, పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. మూడో పాదంలోనే చతికిలబడ్డారు. ‘అనె’ అన్నాక మళ్ళీ ‘యని’ ఎందుకండీ? గణం నింపడానికి ఊక పోశారు. ఇలా చూడండి:
కూతు రనె ‘రమ్ము నాయనా!’ కోప మనెడు

పెన్నేటిగట్టు:
నాయనా అనే పిలుపు మా సీమది. మా సరుకు మాకే అమ్ముతున్నారు! పాదం మాత్రం తీసుకుంటాను, మంచిది ఎక్కడున్నా మంచిదే. కానీ మా పిల్ల ‘రమ్ము’ అనదు స్వామీ, ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చినవాణ్ణి అసలే అనదు. అందుకే ఉత్త ‘నాన్న’ దగ్గర ఆగాను.

లంకపొగాకు:
నా వంతు.
వాన గాలికి కంబము వాలె, నూరి
ఫోను మూగయై పోయెను, పొంచి యున్న
చేతి చరవాణిలో బిడ్డ చేర బిలిచె:
తీగ తెగినంత మ్రోగెను తీయగాను.

పెన్నేటిగట్టు:
నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. అయితే ఇందులో విద్వాంసుడెక్కడ? ఇది టెలిఫోను లైన్‌మన్ ఇంటి పద్యం. లంకవారికి వాద్యాలతో మొదట్నుంచీ పడదు. పోయిన నెల సమస్యలో హార్మోనియానికి తీగలు బిగించి శ్రుతి చేయించారు, అందరికీ గుర్తుండే ఉంటుంది.

లంకపొగాకు:
అది శ్లేష!

పెన్నేటిగట్టు:
హార్మోనియాన్ని రేడియోవాళ్ళు 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. ఆ అవమానం చాలదన్నట్టు మీ శ్లేష ఒకటి. నాటకాల హార్మోనిస్టులు చదివితే పెట్టెతో కొడతారు.

నిర్వాహకుడు:
హార్మోనియం గొడవ ఆ సమస్య కిందే తేల్చుకోండి.

విశాఖకెరటం:
పాట కచ్చేరికని కాన్పు పట్టదయ్యె
నాడు, నే డాసుపత్రిలో నడవ చివర
కూతు పురుటికై నిలుచుండ, కూన బొడ్డు-
తీగ తెగినంత మ్రోగెను తీయగాను.

లంకపొగాకు:
ఆహా. ‘బొడ్డు’ను పై పాదంలో దాచి తీగను కిందికి జార్చారే! వీణతో పనే లేకుండా విద్వాంసుణ్ణి నిలబెట్టారు. పెన్నేటివారు చూసి నేర్చుకోవాలి.

పెన్నేటిగట్టు:
చూశాను. మా వైపు బొడ్డుపేగు అంటాం, బొడ్డుతాడు అనీ అంటాం. బొడ్డుతీగ మీ సముద్రం ఒడ్డున మొలిచిందా?

నాడిపట్టు:
మాట సంగతి అలా ఉంచండి. బిడ్డ పుట్టగానే ఏడుస్తుంది, బొడ్డు కోసేది ఆ తర్వాత. ఇప్పుడైతే ఒక నిమిషమైనా ఆగి మరీ కోస్తున్నారు. ‘తెగినంత మ్రోగెను’ అంటే వరస తిరగబడింది. పైగా మ్రోగిందేమిటో పద్యంలో లేదు.

విశాఖకెరటం:
ఏడుపని చెబితే ఇంకేముందండీ? ఇక వరస అంటారా, ఆయన నిలబడింది నడవలో, లోపలి సంగతి ఆయనకేం తెలుసు? తలుపు సందులోంచి వినబడినదే ఆయన లెక్క.

నిర్వాహకుడు:
ఇంకొకటి ఎవరూ పట్టుకోలేదు. పురుడు పుట్టింట పోయడం మన ఆనవాయితీ. ఈ పుట్టింటాయన ఆసుపత్రి నడవలో నిలబడ్డాడు. పిల్లను తీసుకువెళ్ళడానికి ఆయనకు ఇల్లంటూ మిగల్లేదు. ఆ మాట పైకి అనకుండా ‘నడవ చివర’తో సరిపెట్టారు, నాకు అదే నచ్చింది.

కొత్తపలక:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.
సప్త తంత్రుల వీణలో సారణి తెగె
మనుమరాలి వేళ్ళ మధ్య, మాటలేక
తాత ముడివేసి బిగియించె తడవ తడవ;
తీగ తెగినంత మ్రోగెను తీయగాను.

లంకపొగాకు:
రెండో పాదం మూడో గణం ‘ళ్ళమధ్య’. తేటగీతిలో అక్కడ చెల్లని జగణం జొరబడిందమ్మా! ‘వేళ్ళ నడుమ’ అనండి, చెల్లే గణం నలం పడుతుంది, యతికీ ఢోకా లేదు.

పెన్నేటిగట్టు:
జగణం దగ్గరే ఆగిపోయారు లంకవారు. ‘తెగినంత’ను మనమంతా ‘తెగగానే’ అని చదివాం. ఈ పిల్ల ‘ఎంత తెగితే అంత’ అని చదివింది. తెగిన ప్రతిసారీ తాత కట్టాడు. సమస్యను విప్పినది ఈమె ఒక్కతే, మనం చుట్టూ తిరిగాం. నా కోపం తీగను వాపసు తీసుకుంటున్నాను.

నాడిపట్టు:
మా ఇంట్లోనూ బొబ్బిలి వీణ ఉంది, గొల్లపల్లిలో పనసదుంగ తొలిచి చేసింది. ఇరవై నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద ముడి పడినా సారణి, అదే మొదటి తీగ, గరగరమంటుంది. తీయగా ఎలా మ్రోగుతుంది?

కొత్తపలక:
తీగ బిగించే బిరడా దగ్గర తెగితే పర్వాలేదండీ. అక్కడ చుట్టి ఉన్న తీగ కొంచెం వదిలి, ముడి అటువైపే పడేలా కట్టాడు తాత, మెట్ల మీదికి రానివ్వలేదు.

లంకపొగాకు:
అంటే ఇది కల్పన కాదా?

కొత్తపలక:
మా అమ్మ ఆయనతో ఇంకా మాట్లాడలేదు. మొన్న నేను సాధన చేస్తుంటే మూడుసార్లు తెగింది. మూడోసారి వంటింట్లోంచి వచ్చి ఇంకో తీగచుట్ట ఆయన పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మాటలేక అన్నది అందుకే.

పెన్నేటిగట్టు:
తల్లీ, ‘మాటలేక’ ముట్టుకోకు.

లంకపొగాకు:
ముట్టుకోవద్దు, నేనూ అదే అంటాను. ‘మధ్య’ మాత్రం మార్చమ్మా.