మోకాలి నొప్పి: లెస్టర్‌కి కొత్త, డాక్టర్ ఖర్చంటే టెన్షన్

అందరికీ నమస్తే. చదువుకోసం సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి వచ్చాను. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేస్తున్నాను. వారం నుంచి కుడి మోకాలు ముందువైపు నొప్పి, మెట్లు దిగితే ఎక్కువ. బిల్లు ఎంతవుతుందోనని ఇండియా నుంచి తెచ్చిన మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు:
తమ్ముడూ, ముందు బిల్లు భయం వదిలెయ్. వీసాకి అప్లై చేసినప్పుడు హెల్త్ సర్‌చార్జ్ అని ఏడాదికి 776 పౌండ్లు కట్టావు కదా, అది దీనికే. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) చూసినందుకు డబ్బు తీసుకోరు. మందులకి మాత్రం కట్టాలి. ఇంకా జీపీ దగ్గర రిజిస్టర్ కాకపోతే వెంటనే అవ్వు. అడ్రస్ ప్రూఫ్ లేదని వెనక్కి పంపకూడదు.

మెట్లు దిగేటప్పుడు ముందువైపు నొప్పంటే, నీ వయసులో ఎక్కువగా మోకాలి చిప్ప మీద ఒత్తిడి పడటమే. అలవాటు లేని కాళ్లతో రాత్రంతా నిలబడితే రాక ఏం చేస్తుంది! మనవాళ్లు వెంటనే 'గుజ్జు అరిగింది' అంటారు, కుర్రాళ్లలో అది అరుదు. కాలు మెలిపడ్డాక మోకాలు పట్టేసి పూర్తిగా చాపలేకపోతే మాత్రం లోపల నెలవంక లాంటి మృదులాస్థి చిరిగిందేమో చూపించాలి. చాలా ఊళ్లలో జీపీతో పని లేకుండా నేరుగా ఫిజియోకి అపాయింట్‌మెంట్ పెట్టుకోవచ్చు. వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ఇప్పుడే పెట్టు. మన దగ్గరలా మొదటి రోజే ఎంఆర్ఐ రాయరు, అలిగి లాభం లేదు.

ఆ మాత్రల అట్ట వెనక చదువు. మన నొప్పి మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. దాని మీద ఇక్కడ కొన్నది కూడా వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది.

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరమో వణుకో వస్తే కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, తెల్లారేదాకా ఆగకు. కాలు మోపలేకపోయినా, దెబ్బ తగిలాక ఆకారం మారినా అంతే. 111కి (ఆరోగ్య సలహా లైన్) ఫోన్ చెయ్, రాత్రీ పగలూ ఉంటారు, ఫ్రీ. ఒక్క పిక్కే వాచి నొప్పెడుతుంటే అదీ చెప్పు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే నేరుగా 999 (అంబులెన్స్).

ఇంకొకరు:
అక్క చెప్పిందంతా కరెక్టే. షిఫ్ట్ గురించి ఒక మాట: ఏడు రోజుల వరకూ జబ్బు సెలవుకి డాక్టర్ చీటీ అక్కర్లేదు, నువ్వే రాసిస్తే చాలు. సూపర్‌వైజర్ అడిగినా కంగారుపడకు.