ఇంజన్ పీల్చే గాలిని కళ్లారా చూడాలి, సలహా ఇవ్వండి

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. చేలోకి నీళ్లు తోడే మా 5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్‌కి గాలి ఫిల్టర్ తీసి, అక్రిలిక్ గొట్టం బిగించి, లోపల నూలు పోగులు అంటించాను. ఊడిన పోగు సిలిండర్‌లోకి పోకుండా చివర సన్న జాలీ కూడా పెట్టాను. పీల్చే బలం కొలవడానికి మేస్త్రీల లెవెల్ ట్యూబులో నీళ్లు పోసి పక్కన కట్టాను.

1500 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1500 చుట్లు) ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకోసారి, అంటే నిమిషానికి 750 సార్లు గాలి పీలుస్తుంది కదండీ, పోగులూ నీటిమట్టమూ ఒకటే వణుకు. వంపు దగ్గర గాలి సుడి తిరుగుతోందో లేదో తేలడం లేదు. గొట్టానికి ముందు ఖాళీ డ్రమ్ము పెడితే ఆ ఊపు తగ్గుతుందా? ఎన్ని లీటర్లది కావాలి? ఫోన్ స్లోమోషన్ సరిపోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఊడ్పుల్లోపు ఇంజన్‌ని మళ్లీ మామూలుగా బిగించి నాన్నగారికి అప్పగించాలి.