లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ నుంచి మన విశాఖకి ఏమైనా వస్తుందా?

పెదజాలారిపేట కుర్రాడు:
చిన్న డౌటు, కానీ రెండ్రోజుల నుంచి బుర్ర తినేస్తోంది. ఏదో వీడియోలో లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ గురించి విన్నాను. పొగ ఎక్కువ వదిలిన ధనిక దేశాలు డబ్బు వేస్తాయట, తుపాన్లు వరదలతో దెబ్బతిన్న పేద దేశాలకి ఇస్తారట. 2014 అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్ నాటికి నేను తొమ్మిదో తరగతి. పొద్దున్నుంచి ఒకవైపు నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం కాసేపు ఆగింది, హమ్మయ్య అయిపోయిందనుకుని మా మావయ్య ఒడ్డుకెళ్లి బోటు తాడు చూసొచ్చాడు, ఇంటికి వచ్చి అన్నం పెట్టుకున్నాడో లేదో రెండోవైపు నుంచి తిరగబడింది. తెల్లారి చూస్తే బోటు రెండు ముక్కలు, ఇంజిను ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది, వలలైతే దొరకనే లేదు. కొత్త బోటుకి వడ్డీకి తెచ్చిన డబ్బు ఆరేళ్లు కట్టాడు. ఆయన జీవితంలో వదిలిన పొగంతా ఆ ఇంజిను డీజిలే. ఇలాంటి వాళ్లకి ఆ ఫండ్ నుంచి ఎప్పటికైనా రూపాయి వస్తుందా, లేక పెద్దోళ్ల మీటింగులతోనే సరా?

ఉప్పుగాలి:
సూటిగా చెప్తాను తమ్ముడూ, పోయిన బోటుకి రాదు. ఫండ్ పెట్టాలని 2022లో ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్ సదస్సు మొదటి రోజే మొదలుపెట్టి చప్పట్లు కొట్టుకున్నారు. ఆ సదస్సులో ప్రపంచం మొత్తం కలిపి ఇస్తామన్నది 70 కోట్ల డాలర్ల దగ్గర, అందులో అమెరికా మాట ఇచ్చింది 1.75 కోట్లు. వ్యక్తులకి నేరుగా ఇచ్చే పద్ధతి కాదు, ప్రభుత్వాలు ప్రాజెక్టు రాసుకుని అడగాలి. తొలి విడతగా 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు, ఒక్కో ప్రాజెక్టుకి 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్ల దాకా. అందులో కనీసం సగం బాగా వెనకబడిన దేశాలకీ చిన్న ద్వీప దేశాలకీ పోవాలి. మనం ఆ రెంటిలోనూ లేం, మిగతా సగంలో అందరితోపాటు లైన్లో నిలబడాలి.

ఆ 25 కోట్ల డాలర్ల అంకె ఒకసారి గుర్తుపెట్టుకోండి. హుద్‌హుద్ తర్వాత మన రాష్ట్రం పునర్నిర్మాణానికి 2015లో వరల్డ్ బ్యాంకు నుంచి తెచ్చుకున్నదీ సరిగ్గా 25 కోట్ల డాలర్లే. సిటీలో కరెంటు తీగలు భూమిలోకి దించిన పని అందులోదే. అది అప్పు. రాష్ట్రం చెప్పిన నష్టమేమో 21 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అంటే ఒక్క తుపాను బాగుచేతలో కొంత భాగానికి మనం చేసిన అప్పెంతో, ఇప్పుడు ప్రపంచంలోని పేద దేశాలన్నిటికీ కలిపి తొలి విడతగా పెట్టింది అంతే. ఒక్క మంచి మాట ఏంటంటే ఇది గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేదు.

గాజువాక సెంటర్:
అంతా బయటోళ్ల మీదకే తోసేస్తే ఎలాగండీ. ఏటా వదిలే కార్బన్‌లో చైనా, అమెరికా తర్వాత మనదే. పక్కనే పరవాడలో 2000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెట్టుకుని, ఏసీలు వేసుకుని పడుకుని, పొద్దున్నే న్యాయం న్యాయం అంటే నవ్వుతారు. దేశం పేరు చెప్పి బీచ్ రోడ్డు అపార్టుమెంట్లోళ్లు ఆ జాలరి మావయ్య వెనకాల దాక్కుంటున్నారని నాకనిపిస్తుంది.

ఉప్పుగాలి:
చివరి వాక్యం ఒప్పుకుంటా, నాకూ ఏసీ ఉంది. కానీ మొదటిది సగం లెక్క. మనిషికి ఏడాదికి మనం వదిలేది 2 టన్నుల చుట్టూ, అమెరికా వాడు 14 పైనే. పాత ఖాతా తీస్తే, పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా గాల్లో కలిసిన దాంట్లో అమెరికా వాటా దాదాపు నాలుగోవంతు, మనది నాలుగు శాతం లోపే. అందుకే 1992 రియో వాతావరణ ఒప్పందంలోనే బాధ్యత అందరిదీ, కానీ అందరికీ ఒకేలా కాదని రాసుకున్నారు. 2015 పారిస్ ఒప్పందం దగ్గరికొచ్చేసరికి నష్టం గురించి ఒక ఆర్టికల్ పెట్టి, ఇది పరిహారానికి ఆధారం కాదని దాంతోపాటు చేసిన నిర్ణయంలో ఇంకో పేరా రాశారు. పెళ్లి భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడం అన్నమాట.

ఆటోనగర్ బోల్టులు:
మధ్యలో దూరుతున్నా. డబ్బు ఇటు రావడం సంగతి మాట్లాడుతున్నారు, అటు పోయేది ఎవరూ ఎత్తట్లేదు. మాది చిన్న యూనిట్, బోల్టులు చేస్తాం, కొంత సరుకు యూరప్‌కి వెళ్తుంది. సీబామ్ అని వాళ్ల కార్బన్ బోర్డర్ పన్ను, అంటే బయటి నుంచి వచ్చే సరుకు తయారీలో వదిలిన కార్బన్ మీద వేసేది, 2023 అక్టోబరు నుంచి లెక్కలే అడిగారు, 2026 జనవరి 1 నుంచి అసలు ఖర్చు మొదలు. బయ్యర్ ఒక ఎక్సెల్ షీటు పంపాడు, టన్ను బోల్టుల వెనక ఎంత కార్బన్ ఉందో నింపమని. మేం రాడ్లు డీలరు దగ్గర కొంటాం, ఆ రాడ్డు ఏ బ్లాస్ట్ ఫర్నేస్‌లో పుట్టిందో డీలరుకే తెలీదు! లెక్క చూపించలేకపోతే వాళ్లే ఒక పెద్ద అంకె వేసేస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కైతే టన్నుకి రెండు టన్నుల పైనే కార్బన్. పన్ను కట్టేది అక్కడి దిగుమతిదారే, కానీ రేటు తగ్గించమని పీక మీద కూర్చునేది మన దగ్గర. ఆ డబ్బు పేద దేశాలకి పోతుందా అంటే, వాళ్ల ఖజానాకే. మా టెన్షన్ మాది.

ఉప్పుగాలి:
ఇది నాకు తట్టలేదు, థాంక్సండీ. దీనికి 2024 బాకూ వాతావరణ సదస్సు కూడా కలపండి, 2035 నాటికి పేద దేశాలకి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు అన్నారు. అందులో అప్పులూ ప్రైవేటు పెట్టుబడులూ అన్నీ కలిపే లెక్క, మన దేశం అక్కడికక్కడే దీనికి ఒప్పుకునేది లేదంది. ఇస్తామన్నదాంట్లో గ్రాంటు ఎంత, అప్పు ఎంత అని ముందు అడగాలి. కొంచెం ఆశ ఉన్నది కోర్టు వైపు. చిన్న ద్వీప దేశం వనువాటు పట్టుబట్టి తిరిగితే, 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే పరిహారం దాకా పోవచ్చని చెప్పింది. సలహా తీర్పే, వెంటనే ఎవరి జేబూ తెరుచుకోదు.

తమ్ముడూ, ఇక్కడి లెక్క కూడా చూసుకోండి. విపత్తు నిధి నిబంధనల్లో, 2022 సవరణ ప్రకారం, పూర్తిగా పోయిన బోటుకి 15 వేలు, వలకి 4 వేలు. ఫైబర్ బోటు రేటెంతో మీకే బాగా తెలుసు.

పెదజాలారిపేట కుర్రాడు:
15 వేలా! ఇంజిను రిపేరుకే అంతకంటే ఎక్కువవుతుందండీ. ఇదంతా మావయ్యకి చదివి వినిపించాను. వనువాటు దగ్గర ఆపి, అదెక్కడుంది, వాళ్లూ చేపలు పట్టేవాళ్లేనా అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఆగి, ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, ఆ 20 వేల భృతి లిస్టులో పేరుందో లేదో రేపు సచివాలయానికి వెళ్లి చూసిరా అన్నాడు. బోల్టుల అన్నా, ఆ ఎక్సెల్ షీటు చివరికి ఏం నింపి పంపారు?