ఎండకి మా నాన్నకేం కావట్లేదు, నాకే ఎందుకిలా అవుతోంది?

ఖమ్మం కుర్రాడు:
జర్మనీ నుంచి మొన్ననే ఇంటికొచ్చా. మే నెల ఖమ్మం ఎండలు తెలిసినవే కదా, పొద్దున పదింటికే బయటికెళ్తే గుండె దడదడలాడుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, చెమట కారి కళ్ళలో పడితే ఉప్పుకి మంటెత్తిపోతోంది. మా నాన్నేమో మామిడితోటలో పని చూసుకునొచ్చి తాపీగా మజ్జిగ తాగుతున్నారు. నేనూ ఇక్కడే పుట్టి పెరిగా, ఈ ఎండల్లోనే క్రికెట్ ఆడా. అలవాటు ఎలా పోతుంది, మళ్ళీ వస్తుందా?

బయాలజీ మాస్టారు:
వస్తుంది, కంగారు పడకండి. మెదడులో హైపోథాలమస్ అని ఉంటుంది, చర్మంలోని నరాల నుంచి వచ్చే కబురూ, తన దగ్గరికొచ్చే రక్తం వేడీ రెండూ చూసుకుంటూ ఒంటిని 37 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. వేడెక్కితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం అటు మళ్ళుతుంది, పైగా చెమటలో నీళ్ళు పోతాయి, దాంతో గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి అది గబగబా కొట్టుకోవాల్సి వస్తుంది. మీ దడ అదే. రోజూ కాసేపు ఎండలో తిరిగితే ఒకటి రెండు వారాల్లో రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, చెమట ముందే మొదలై ఎక్కువ పడుతుంది, కానీ అందులో ఉప్పు తగ్గుతుంది, ఎందుకంటే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ చెమట గ్రంథుల్లోనే సోడియాన్ని వెనక్కి లాగిస్తుంది. ఎండకి దూరమైతే ఇదంతా కొన్ని వారాల్లోనే పోతుంది, చిన్నప్పటి క్రికెట్ ఇప్పుడు అక్కరకు రాదు. మొదట్లో పొద్దునా సాయంత్రమే తిరగండి.

బెజవాడ వాసి:
మాస్టారు చెప్పింది కరెక్టే గానీ ఉక్కపోత సంగతి కూడా చూడాలండి. చెమట కారితే చల్లబడం, ఆరితేనే చల్లబడతాం, ఒక లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. గాల్లో తేమ ఎక్కువుంటే ఆరదు, అందుకే మా బెజవాడలో 38 కూడా హైదరాబాద్ 41 కంటే కష్టంగా అనిపిస్తుంది. కూలర్ వేసి కిటికీలన్నీ మూసేస్తే గదిలో కూడా ఇదే పరిస్థితి, ఒక కిటికీ తీసి పెట్టండి.

స్టాఫ్ నర్సు:
తమ్ముడూ, నాన్నగారికేం కావట్లేదని వదిలేయకు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలీదు, చెమట కూడా తగ్గుతుంది, బీపీకి నీళ్ళ మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడుతుంటే ఇంకా జాగ్రత్త, అడగకపోయినా నీళ్ళు ఇస్తుండాలి. ఎవరైనా ఎండలో తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే వడదెబ్బే అనుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యి, ఈలోపు నీడకి చేర్చి ఒళ్ళంతా తడిపి గాలి తగలనివ్వు. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకు. పారాసిటమాల్ వెయ్యొద్దు, జ్వరంలో హైపోథాలమసే వేడిని పెంచమంటుంది కాబట్టి ఆ మాత్ర పనిచేస్తుంది, వడదెబ్బలో అలా కాదు.

ఖమ్మం కుర్రాడు:
చాలా థాంక్స్ అక్కా, మాస్టారూ. నాన్న బీపీ మాత్రల సంగతి ఇవాళే డాక్టర్‌ని అడుగుతా. ఇంకో డౌటు, ఏసీలో కూర్చుని కొత్తావకాయ అన్నం తిన్నా చెమట పడుతోందేంటి?

బయాలజీ మాస్టారు:
మంచి ప్రశ్న! సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే టీఆర్‌పీవీ1 అనే ద్వారం నరాల చివర్లలో ఉంటుంది, మిరపకారంలోని క్యాప్సైసిన్ కూడా దాన్నే తెరుస్తుంది, దాంతో మెదడుకి నిజంగా వేడి తగిలినట్టే కబురెళ్ళి చెమట పట్టిస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, ఆయనకీ ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి 2021లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. చల్లదనానికి వేరే ద్వారం ఉంది, మెంథాల్ బిళ్ళ చప్పరిస్తే తెరుచుకునేది అదే.